వేపచెట్టుకు కట్టిన పడక

మా నడకల జట్టులో నేల మీద పడుకోవడం ఒక మతం. ఆ మతానికి గురువు మా పెద్దసారు. గద్వాలలో లెక్చరర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఆయన, వనపర్తిలో మందుల దుకాణం నడిపే భాయ్, అదే ఊళ్లో లెక్కల పంతులునైన నేను, సెలవులు దొరికితే చాలు వీపుకు బ్యాగులు తగిలించుకుని నడవడానికి పోతాం. గుట్టలెంట, ఏటి గట్లెంట తిరిగి, బయటే వండుకు తిని, బయటే పడుకుని వస్తాం. ఇంట్లో మంచాలు, పరుపులు పెట్టుకుని ఈ కర్మ ఎందుకని చుట్టాలు అడుగుతుంటారు. ఇప్పటిదాకా మా దగ్గర సరైన జవాబు లేదు.

"మనిషికి, భూమికి నడుమ ఏమీ ఉండొద్దు" అని పెద్దసారు పోయిన ప్రతిచోటా చెప్తాడు. చెప్తూనే బ్యాగులోంచి ఒక నల్లటి షీటు తీసి పరుస్తాడు. దాని మూలకు చిన్న మూత ఒకటి ఉంటుంది. మేం పొయ్యి దగ్గర పనిలో పడగానే అటు తిరిగి కూర్చుని అందులోకి గాలి ఊదుతాడు. భాయ్ ఒకసారి దాన్ని చేత్తో నొక్కి చూసి, "సార్, మీ భూమి జర మెత్తగున్నది" అన్నాడు. మర్నాడు పెద్దసారు పెట్టిన టీలో భాయ్ గ్లాసుకు మాత్రం చక్కెర పడలేదు.

నా దగ్గర గాలి షీటు లేదు. నాది నిజమైన భక్తి. ఒక ప్లాస్టిక్ పట్టా, దాని మీద దుప్పటి, అంతే. ఉప్పునుంతల దగ్గర వేరుశనగ పీకేసిన చేనులో పడుకున్నప్పుడు ఆ భక్తికి ఫలితం దక్కింది. తెల్లారి లేవబోతే నడుము లేవలేదు. ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకుని లేపి, ఆటో ఎక్కించి, బస్సు ఎక్కించి ఇంటికి తెచ్చారు. గేటు దగ్గర మా ఆవిడ నా వంగుడు చూసి, "ఏం పడేసుకున్నవ్, దేవులాడుతున్నవ్?" అంది.

దవాఖానలో డాక్టరు ఫోటో తీసి చూసి, ఇక నేల మీద పడుకోవద్దన్నాడు. ఆ మాట నేను వినడం కన్నా ముందే మా ఆవిడ విన్నది. ఇంటికొచ్చాక నా బ్యాగును చూపించి, "ఇంకొక్కసారి గిట్ల వంగి వచ్చినవంటే ఇది సజ్జ మీదికి పోతది. మల్ల దిగది" అంది. ఆమె అన్న మాట మళ్లీ మార్చే మనిషి కాదు. నాకు నిజంగానే భయమేసింది. ఆ నడకలు కూడా పోతే నాకు ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి తిరగడం తప్ప ఇంకేమీ మిగలదు.

అప్పుడు ఫోనులో హ్యామక్ కనబడింది. రెండు చెట్లకు బట్ట కట్టి, నేలను తాకకుండా అందులో పడుకోవడం. వీడియోలో ఎవరో విదేశీ కుర్రాడు చిటికెలో కట్టేసి, కాలు మీద కాలేసుకుని కాఫీ తాగుతున్నాడు. అతని అడవిలో చెట్లన్నీ డ్రిల్లు పీరియడ్‌లో పిల్లల్లాగా సమదూరంలో నిలబడి ఉన్నాయి. మా పాలమూరులో అంత దూరంలో రెండు చెట్లు దొరకడమే కష్టం, దొరికినా అందులో ఒకటి తుమ్మ అయి ఉంటుంది. అయినా తెప్పించాను. పిడికెడు సంచిలో వచ్చింది. పెరట్లో జామచెట్టుకు, రేకుల షెడ్డు స్తంభానికి కట్టి ఎక్కి పడుకుంటే, ఊపిరి పీల్చుకునేలోపే అడుగు నుంచి చిరిగింది. ఆ క్షణాన మనిషికి, భూమికి నడుమ ఏమీ లేదు.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఆ బట్టను వేళ్ల మధ్య నలిపి, "గిది దోమతెరకు గూడ పనికి రాదు" అంది. ఆమెది గద్వాలలో నేతపని చేసే ఇల్లు. పెట్టెలోంచి ఒక చీర తీసింది. అంచు తప్పు పడిందని దుకాణదారు వద్దంటే వాళ్ల అన్న చెల్లెలికిచ్చిన చీర. పసుపుపచ్చ ఒళ్లు, ఎర్ర అంచు. దాన్ని మడతల మీద మడతలేసి కుట్టి, రెండు చివరలా తాడు పట్టేలా మలిచి, వాళ్లింట్లో మగ్గానికి తాళ్లు బిగించేటప్పుడు వేసే ముడి నాకు నేర్పింది. నేను తప్పు వేసినప్పుడల్లా విప్పించి మళ్లీ వేయించింది. బళ్లో నేను కూడా పిల్లలతో అంత నిర్దయగా ఉండను.

గోడ అవతలి నుంచి పక్కింటామె తొంగి చూసి, "ఏంది వదినా, తొట్టెల కుడుతున్నవు, ఎవరికి?" అని అడిగింది. అడిగాక నాలుక కరుచుకుంది. మాకు పిల్లలు లేరు. తిరగాల్సిన గుళ్లు, దర్గాలు, దవాఖానలు అన్నీ తిరిగాం. ఆ తర్వాత ఆ మాట ఎత్తకుండా బతకడం కూడా నేర్చుకున్నాం. మా ఆవిడ దారం పంటితో తెంపి, "గీయనకే. ఇంక నడుం నిలవడలేదు" అంది. ముగ్గురం నవ్వాం.

ఆ తొట్టెలతో మొదటిసారి పోయింది సోమశిల దిక్కు. కొల్లాపూర్ దాటాక గుట్టల్లో మొదటి రాత్రి పడుకున్నాను. పొద్దున నిలువుగా లేచాను. లేచి అటూ ఇటూ నడిచి, అవసరం లేకపోయినా రెండుసార్లు వంగి చెప్పులు సర్దుకున్నాను, ఇద్దరూ చూడాలని. పెద్దసారు చూడనట్టు ఊరుకున్నాడు. "ఇది పడక కాదు, పసితనం" అని మాత్రం అన్నాడు. మధ్యాహ్నం ఒక తోపులో ఆగినప్పుడు, పరీక్ష చేస్తానని అందులోకి ఎక్కి, గురక పెట్టి నిద్రపోయాడు. లేచాక, "శాస్త్రీయంగా జూస్తే దీంట్ల లోపాలున్నయి. ఇంకొక గంట జూస్తే గాని చెప్పలేను" అన్నాడు.

మర్నాడు పగటికల్లా సోమశిల చేరాం. గుడికి కాస్త దూరంలో, కృష్ణ ఒడ్డున ఒక వేపచెట్టు, ఒక చింతచెట్టు సరిగ్గా నాకోసమే నాటినట్టు ఉన్నాయి. ఎవరైనా ఆ చోటు పట్టేస్తారేమోనని ముందుగా నా పడక కట్టేశాను. బ్యాగులు పడవ నడిపేవాళ్ల దగ్గర పెట్టి, గుడికి పోయి, పడవ మీద ఓ చుట్టు తిరిగి, భోంచేసి, పొద్దు వాలుతుండగా వచ్చాం. దూరం నుంచే భాయ్ ఆగిపోయాడు.

"సార్, మీ పడక కాడ లైనుంది" అన్నాడు.

నిజమే. తాళ్లకు పసుపు, కుంకుమ పెట్టి ఉన్నాయి. లోపల బంతిపూలు, ఒక కొబ్బరి చిప్ప. నా తాడు పొడవునా చేతిరుమాళ్లు, రవికె గుడ్డలు చిన్న చిన్న తొట్టెలలుగా కట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో గులకరాయి పెట్టి ఉన్నాయి. సంతానం కోసం మొక్కుకునేవాళ్లు మా దగ్గర అలాగే కడతారు. గుడి పక్కన వేపచెట్టు, దానికి పసుపు చీర, ఎర్ర అంచు. చూసినవాళ్ల తప్పేముంది? ఇంత పెద్ద తొట్టెల కట్టారంటే ఎవరిదో చాలా పెద్ద మొక్కు అనుకుని ఉంటారు. దాని పక్కన తమది కూడా ఉంటే దేవుడి కంట పడుతుందని ఆశపడి ఉంటారు.

మేం దగ్గరికి చేరేసరికి మిగతావాళ్లంతా పోయి ఒక అత్తాకోడళ్లు మిగిలారు. వడ్డేపల్లి దిక్కు నుంచి వచ్చారట. కోడలు తన చీర చెంగు చింపిన పేలికను నా తాడుకు కడుతోంది. అత్త మమ్మల్ని చూసి, "గీ తొట్టెల ఎవరిదయ్యా?" అని అడిగింది.

"మాదే" అన్నాను.

"ఎవరు మొక్కిండ్రు?"

నిజం చెప్పాలంటే నా నడుము మొక్కింది. "మా ఇంటామె కుట్టిచ్చింది" అన్నాను. అది కూడా నిజమే.

ఆమె నా తెల్లజుట్టు చూసింది. నా పొట్ట చూసింది. మళ్లీ తొట్టెల పొడవు చూసింది. "కానియ్యి అయ్యా. ఎప్పుడియ్యాల్నో దేవునికి తెలుసు" అంది.

భాయ్‌కి దగ్గొచ్చి నది వైపు తిరిగాడు. పెద్దసారు గొంతు సవరించుకుని, "చూడమ్మా, వాస్తవానికి ఇది" అని మొదలుపెట్టాడు. ఆయన చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను. జీవితంలో మొదటిసారి ఆయన ఒక ఉపన్యాసాన్ని మధ్యలో ఆపాడు.

కోడలు ముడి వేసి, లాగి చూసుకుని, నా వైపు తిరిగింది. "అన్నా, గాలికి ఊడదు కద?" అంది.

"ఊడదమ్మా. మగ్గానికి వేసే ముడి" అన్నాను. ఆమె చెట్టుకు దండం పెట్టి, అత్త వెనకాల గుడి వైపు వెళ్లిపోయింది. పోతూ ఒకసారి వెనక్కి చూసింది.

వాళ్లు కనుమరుగయ్యాక భాయ్ నా పక్కకు వచ్చాడు. "పోయిండ్రు కద సార్. మెల్లగ విప్పి, చిన్నయన్ని ఆ కొమ్మకు కట్టేద్దం. ఎవరికీ తెల్వదు. మీ నడుము సంగతి సోచాయించుర్రి" అన్నాడు. తెలివైన మాట. నేను కూడా అదే చేద్దామని ముడి మీద చెయ్యి వేశాను.

చాలా ఏళ్ల కిందట మా ఆవిడ ఒక గుట్ట మీది గుడి దగ్గర తన రవికె గుడ్డతో ఇట్లాంటిదే కట్టింది. తర్వాతి ఏడు మళ్లీ పోయి చూస్తే కొమ్మలన్నీ శుభ్రంగా ఉన్నాయి. జాతర వస్తోందని చెట్టును సాపు చేశారట. ఆమె వచ్చి బస్సెక్కింది. వనపర్తి దాకా బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. చెట్టును సాపు చేసినవాళ్లు తమ పని తాము చేశారు, నాకు తెలుసు. అయినా ఆ శుభ్రమైన కొమ్మలను నేను ఇప్పటికీ క్షమించలేదు.

ముడి మీది నుంచి చెయ్యి తీసేశాను. దాంతో నా బ్యాగు సజ్జ ఎక్కినట్టేనని కూడా తెలుసు. దుఃఖం వచ్చింది. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక పట్టా పరిచేటప్పుడు దాన్ని గట్టిగా దులిపాను.

పెద్దసారుకు మాత్రం పరమానందం. "తిరిగి భూమికే వచ్చినవ్" అన్నాడు. తర్వాత ఏమనిపించిందో, "కావాల్నంటే నా షీటు తీస్కో" అన్నాడు. అని, దాని మీదే నిద్రపోయాడు. తెల్లారి భాయ్ తన దుకాణంలోంచి తెచ్చుకున్న నొప్పి మందు ట్యూబు మొత్తం నా నడుముకు పూశాడు. పూస్తున్నంతసేపూ ఉర్దూలో నన్ను తిట్టాడు. ఆ తిట్లకే కొంచెం నయమనిపించింది.

ఇల్లు చేరేసరికి మా ఆవిడ గేటు దగ్గరే ఉంది. "మల్ల ఏం పడేసుకున్నవ్?" అంది.

"తొట్టెల" అన్నాను.

లోపలికి వచ్చి కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఆ అత్త నా తెల్లజుట్టు చూసిన చోట కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. కోడలి సంగతికి వచ్చేసరికి నవ్వు ఆపింది. "ముడి నేను జెప్పినట్లే ఏసినవా?" అని అడిగింది. వేశానన్నాను.

షరతు షరతే కదా అని స్టూలు లాక్కుని బ్యాగు పట్టుకున్నాను. చేతులు భుజాల కన్నా పైకి లేవలేదు. ఆమె వచ్చి నా చేతిలోంచి బ్యాగు తీసుకుంది. సజ్జ మీద పెట్టలేదు. మంచం కిందికి తోసి వంటింట్లోకి పోయింది.

కొన్నాళ్లకు బడి నుంచి వచ్చేసరికి కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ప్యాంట్లకు వాడే బూడిదరంగు బట్ట, తానులోంచి కోయించుకొచ్చింది. "గీ రంగుకు ఎవరూ పసుపు పెట్టరు" అంది. కుట్టేది ఒకటి ఒళ్లో ఉంది. కుట్టడం అయిపోయినది ఇంకొకటి పక్కన మడతపెట్టి ఉంది.

రెండెందుకని అడిగాను.

"సోమశిలకు నేను గూడ వస్త. ఆ పిల్ల కట్టింది ఉన్నదో లేదో చూడాలె. అప్పట్ల గుట్ట మీద మనదైతే తీసేసిండ్రు" అంది. కాసేపు మిషను తొక్కింది. మళ్లీ తల ఎత్తకుండానే, "మరి నేను నేల మీద పండాల్నా?" అంది.