"పాత ఫోన్లో చూశావా, అమ్మాయ్?"

మార్చి వస్తే గుంటూరులో గాలికి కూడా కారం పడుతుంది. నిన్న మిర్చి లారీలు మా స్టూడియో ముందు ఆగేసరికి ముక్కు మండి వరసగా నాలుగు తుమ్ములు తుమ్మాను. వెంటనే కోటేశ్వరరావు గారు గుర్తొచ్చారు. రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, వెనక మెట్ల మీద నిలబడి, అద్దం పగిలిన పాత ఫోన్లో పెళ్లి వీడియోలు చూసేవారాయన. నాకు పని నేర్పిన మనిషి, మొదటి యజమాని. ఆయన గురించి నలుగురిలో చాలాసార్లు గొప్పగా చెప్పాను గానీ, ఈ ఒక్క సంగతి మాత్రం సిగ్గేసి దాచుకున్నాను.

తీయడం ఎవరైనా తీస్తారు, చేరవేయడమే అసలు పని అనేవారు. పెళ్లివారిని ఆయన మొదట అడిగేది ఆల్బమ్ గురించి కాదు. "ఎవరు చూస్తారండీ? దేంట్లో చూస్తారు?" అని. పెద్ద టీవీ ఉన్న ఇంటికి పెద్ద ఫైలు. పాత టీవీ వాళ్లకు ఎక్కడైనా ఆడే పాత రకం ఫైలు, పెన్‌డ్రైవ్‌లో. పల్లెల్లో ఉన్నవాళ్లకు వాట్సాప్‌లో చిన్న చిన్న ముక్కలు. ఇక లైవ్ ఉందంటే, సిగ్నల్ సరిగా అందని ఆ వెనక మెట్ల మీద, ఆ పాత ఫోన్లో ముందుగా ఆడించి చూడాల్సిందే. "మన దగ్గర ఆడితే గొప్పేముంది అమ్మాయ్, వాళ్ల దగ్గర ఆడాలి" అనేవారు. నాకేమో అదంతా చాదస్తంగా తోచేది. కొత్త సాఫ్ట్‌వేర్లన్నీ వచ్చినదాన్ని, నాకు కళ్లు నెత్తి మీద ఉండేవి.

ఆ పెళ్లి అమరావతి రోడ్డులోని ఒక కల్యాణ మండపంలో, పగటి ముహూర్తం. పెళ్లికూతురి అమ్మమ్మది చీరాల దగ్గర పల్లె, మగ్గం నేసే ఇల్లు. తుంటి ఎముక విరిగి మంచం దిగలేని స్థితిలో ఉంది. కోటేశ్వరరావు గారు ముందుగా ఆవిడకే ఫోన్ చేశారు.

"మధుపర్కాలు నేనే నేశాను నాయనా. ఆ బట్టల్లో దాన్ని చూస్తా, తాళి కట్టే వేళకి నాలుగు అక్షింతలు వెయ్యాలి. ఇంకేం వద్దు నాకు."

లైవ్‌లో బొమ్మ కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి, సరిగ్గా ఆ వేళకు తనే ఫోన్ చేసి చెబుతానని ఆవిడకు మాటిచ్చారు. నాకేమో, ఆ పల్లెలో సిగ్నల్ అంతంతమాత్రం గనక క్లారిటీ తగ్గించి పెట్టమని, పొద్దున్నే పాత ఫోన్లో చూడమని చెప్పారు. నేను తగ్గించలేదు. మండపంలో పెద్ద తెర ఉంది, హైదరాబాద్ చుట్టాలు చూస్తారు, మసక బొమ్మ పంపితే నా పేరేం కావాలి?

"పాత ఫోన్లో చూశావా, అమ్మాయ్?"

"చూశానండి."

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

తాళి కట్టే వేళకు చుట్టాలంతా క్లారిటీ అదిరిందని మెసేజ్‌లు పెడుతున్నారు. నేను ఉబ్బిపోతున్నాను. గట్టిమేళం మొదలైంది. కోటేశ్వరరావు గారు నా పక్కనే స్పీకర్ పెట్టి అరుస్తున్నారు: "అమ్మా, కడుతున్నారు! వెయ్యండి, వెయ్యండి!"

"ఎవరి మీద వెయ్యను నాయనా? ఇక్కడ చక్రం ఒకటే తిరగతా ఉంది."

ఆయన నా వైపు చూశారు. నేను లాప్‌టాప్ వైపు చూశాను. క్లారిటీ తగ్గించి మళ్లీ మొదలుపెట్టి, అది ఆ పల్లెకు చేరేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. పెళ్లికూతురి మేనమామ మీదికొచ్చాడు. "ఏవండీ, ఆ ఒక్క మనిషి కోసమే గదా లైవ్ పెట్టించింది!"

"తప్పు నాదేనండి. నేను చూసుకోవాల్సింది" అని కోటేశ్వరరావు గారు చేతులు జోడించారు. అరవై ఏళ్ల మనిషి. నేను వైర్లు చుడుతూ పని ఉన్నట్టు నటించాను. భూమిలోకి కూరుకుపోవాలనిపించిందని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి ఆ క్షణాన నాకనిపించింది, హమ్మయ్య, దొరకలేదు అని.

రెండు రోజుల తర్వాత ఆయన స్వయంగా పాత టీవీకి ఆడే ఫైలు చేసి, నన్ను వెంటబెట్టుకుని బస్సులో ఆ పల్లెకు వెళ్లారు. పెన్‌డ్రైవ్ పెట్టగానే బొమ్మ వచ్చింది. "అంచు చక్కగా కుదిరింది" అని అమ్మమ్మ మురిసిపోయింది. తాళి కట్టే చోటు వచ్చింది. దిండు కింద నుంచి కాగితం పొట్లం తీసింది. ఆ రోజు పట్టుకు కూర్చున్న అక్షింతలే. విప్పింది గానీ తెర వైపు వేయలేదు.

"దాటిపోయిన ముహూర్తానికి ఏం వేస్తాంలే" అంది. తర్వాత నన్ను దగ్గరికి రమ్మంది. "నువ్వేనా పంపింది? ఎంత కష్టపడ్డావో, పిచ్చిపిల్లా. చల్లగా ఉండు." అక్షింతలన్నీ నా తల మీద వేసింది. అప్పుడు కూరుకుపోవాలనిపించింది, నిజంగానే.

తిరుగు బస్సులో ఆయన కిటికీ బయట పత్తిచేలు చూస్తూ అన్నారు: "పెళ్లి నుంచి వచ్చి డ్రాయర్ తీశానమ్మాయ్. పాత ఫోన్ ఆగిపోయి ఉంది. చార్జరేమో వారం నుంచి మా ఇంట్లోనే ఉండిపోయింది." అంతే. నోరు తెరవడానికి గుంటూరు దాకా సమయం ఉంది నాకు. తెరవలేదు.

మర్నాడు పాత ఫోన్లో చూశావా అని మామూలుగానే అడిగారు. తెలిసి కూడా, నా మాట మీదే నమ్మకం పెట్టి అడిగారు. ఆ తర్వాత ఎన్నడూ చూడకుండా చూశానని చెప్పలేదు. కానీ ఆ రోజు తప్పు నాదేనన్న ముక్క ఆయన బతికుండగా చెప్పలేకపోయాను.

ఆ ఫోన్ ఎప్పుడో పోయింది. వెతికి వెతికి అంతే నాసిరకం ఫోన్ ఇంకొకటి కొన్నాను. నిన్న తుమ్ములు ఆగాక దాన్ని పట్టుకుని మెట్ల మీదికి వెళ్లి, రేపటి పెళ్లి లైవ్‌కు పరీక్ష చేశాను. చక్రం తిరగలేదు. అయినా చెయ్యి తల మీదికి పోయింది. ఆ అక్షింతలు పెళ్లికూతురివి. ఇంకా నా దగ్గరే ఉన్నాయి.