ఎడమకి తిప్పిన ఎనిమిది రోజులు

ఆ వార్డులో అతన్ని అందరూ చక్రం బాబాయ్ అంటారు. ఆ పేరు పెట్టిన పిల్లలకి ఇప్పుడు పిల్లలున్నారు. పొద్దున్నే ఆరింటికి ట్యాంకు గదిలో పెద్ద చక్రం తిప్పి నీళ్ళు వదలడం, ఎనిమిదింటికి కట్టెయ్యడం అతని పని. వీధి వీధికీ నేలలో ఒక గొయ్యి, దానిమీద ఇనప మూత, లోపల ఒక వాల్వు ఉంటాయి. ఎగువ వీధి వాల్వు బార్లా తెరిచి ఉంచాలి. దిగువ వీధిది కాస్త బిగించాలి, లేకపోతే పల్లం కాబట్టి నీళ్ళన్నీ అటే జారిపోతాయి. ఏ వాల్వుకి ఎన్ని చుట్లో ఎక్కడా రాసిలేదు. పంతొమ్మిదేళ్ళుగా ఆ లెక్క అతని మోచేతిలోనే ఉంది.

"మెంబర్లు వస్తుంటారు, పోతుంటారు. ఈ వార్డులో చక్రం తిప్పేది మాత్రం మా బాబాయే," అని టీకొట్టు దగ్గర వేళాకోళం చేసేవారు. మొదట్లో అతనూ నవ్వేవాడు. కిందటి ఎన్నికల నుంచీ ఆ మాట చెవిన పడితే చాలు, టీ సగంలో వదిలేసి లేచిపోతున్నాడు.

ఎందుకో అతనికీ, అతని భార్యకీ తప్ప మూడోమనిషికి తెలియదు.

ఐదేళ్ళ కిందట, పోలింగు ఇంకా ఎనిమిది రోజులుందనగా దిగువ వీధి వాల్వు తుప్పుపట్టి విరిగింది. ఫిట్టరు వచ్చి కొత్తది బిగించి, సగానికి తెరిచి వెళ్ళిపోయాడు. మర్నాడు నీళ్ళు సన్నగా వస్తున్నాయని ఆ వీధివాళ్ళు గోలపెట్టారు. చక్రం బాబాయ్ మూత తీసి, రాడ్డు దింపి, ఎప్పటిలాగే ఎడమకి ఒక చుట్టు తెరిచాడు. ఆ మర్నాడు ఇంకా సన్నబడ్డాయి. ఇంకో చుట్టు తెరిచాడు. వాళ్ళు అరిచినకొద్దీ అతను తెరిచాడు, అతను తెరిచినకొద్దీ నీళ్ళు తగ్గాయి. ఎనిమిదో రోజుకి కుళాయిలు చుక్కలు రాలుస్తున్నాయి. పైపులో ఏదో అడ్డుపడి ఉంటుందనుకున్నాడు. ఆ రోజే దిగువ వీధి మొత్తం ఒళ్ళు మండి, ఖాళీ బిందెలు గుమ్మాల్లో వదిలి, వెళ్ళి ఓటేసింది.

మర్నాటి పొద్దున విసుగెత్తి, పోయేదేముందని కుడికి తిప్పి చూశాడు. గొట్టం గుర్రుమంది. వీధి పొడుగునా కుళాయిలు ఒక్కసారి బుసకొట్టాయి. పాతది ఎడమకి తెరుచుకునేది, కొత్తది కుడికి తెరుచుకుంటుంది. అంతే సంగతి.

ఆ సాయంత్రం ఓట్లు లెక్కపెట్టారు. అప్పటిదాకా మెంబరుగా ఉన్న లెక్కల టీచరమ్మ ఇరవై ఆరు ఓట్లతో ఓడిపోయింది. సిమెంటు కొట్టాయన గెలిచాడు. పొద్దున నీళ్ళు, సాయంత్రం గెలుపు. చెప్పుకోవడంలో మాత్రం అది తారుమారైంది: ఆయన గెలిచాడు, నీళ్ళొచ్చాయి. ఇప్పుడు మళ్ళీ ఎన్నికలొచ్చాయి, ఆయన పోస్టర్ల మీద కూడా అదే మాట అచ్చయింది.

టీచరమ్మ పోటీలో మళ్ళీ ఉంది. కానీ ఓడిన కొత్తల్లో ఒకనాడు ట్యాంకు దగ్గర ఆగి, "నెలనెలా సభలు పెట్టి జనాన్ని విసిగించానేమో బాబాయ్. వాళ్ళకి మాట్లాడటం అక్కర్లేదు, పని జరిగితే చాలు," అన్నది. ఆ రాత్రి నుంచే అతనికి నిద్ర కరువైంది.

"చెప్పేస్తే పోతుందిగా," అనేది భార్య.

"ఉద్యోగం పోతుంది."

"పోతే పోనీ. నిద్రన్నా వస్తుంది. ఐదేళ్ళనుంచీ పక్క మీద నువ్వు అటూ ఇటూ తిరుగుతుంటే నాకూ వాల్వు పక్కన పడుకున్నట్టే ఉంది."

పోలింగుకి వారం ముందు, ఆదివారం పొద్దున, బళ్ళో పెద్ద గదిలో సభ పెట్టారు. ఇద్దరు అభ్యర్థులూ ఒకే ప్రశ్నకి జవాబు చెప్పాలి. వీధిలో అందరికీ సూదులు వేసే నర్సమ్మ లేచి అడిగింది. "గెలిచాక ఈ వార్డు పనుల్లో మా మాటకి చోటెక్కడ? అది చెప్పండి."

సిమెంటు కొట్టాయన ముందు మాట్లాడాడు. "ఫోన్లో గ్రూపు పెడతానమ్మా. మీరు మెసేజ్ పెట్టండి, నేను పని చేయిస్తా. మీటింగులకొచ్చి మీరెందుకు శ్రమపడాలి? మాటలతో నీళ్ళొస్తాయా? కిందటిసారి నేను గెలిచాను, నీళ్ళు రాలేదూ?"

చప్పట్లు బాగానే పడ్డాయి. వెనకాల తలుపు దగ్గర నిలబడ్డ చక్రం బాబాయ్ చేతులు కట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ కట్టుకున్నాడు.

టీచరమ్మ లేచింది. "నెలకో సభ అని అప్పుడన్నాను, ఇప్పుడూ అదే అంటున్నాను. ఒక్కటి మార్చాను. అప్పట్లో ముందు నేనే గంటసేపు చెప్పేదాన్ని, మీ వంతు వచ్చేసరికి అన్నాల వేళయ్యేది. ఈసారి ముందు పనిచేసేవాళ్ళు మాట్లాడతారు. నీళ్ళాయన, వీధులూడ్చే ఆవిడ, దీపాలాయన. ఏది చెడింది, ఎందుకు చెడింది అన్నది మొదటి మాట. తర్వాత మీరు. నేను ఆఖర్న."

"తన తప్పు తనెవడు చెప్పుకుంటాడు టీచరుగారూ?" అన్నారెవరో.

"తప్పు ఒప్పుకున్నవాళ్ళ మీద ఆ సభలో ఎవరూ కేకలెయ్యకూడదు. అది కూడా రూలే. జరిగే పనో కాదో ఇప్పుడే చూద్దాం. చక్రం బాబాయ్, ఇలా రా. నీ పనిలో ఏది చెడింది?"

ఏ లీకేజీ సంగతో చెప్తాడని ఆవిడ అనుకుంది. తలుపు అతని పక్కనే ఉంది, వెళ్ళిపోవచ్చు. కానీ భార్య మూడో బెంచీలోంచి తిరిగి చూస్తోంది. అతను బెంచీల మధ్యనుంచి ముందుకొచ్చి, మైకు అందుకోకుండానే మొదలుపెట్టాడు.

"కిందటిసారి దిగువ వీధికి నీళ్ళు ఈయన తేలేదండి. ఆవిడ ఆపలేదు. ఆపిందీ నేనే, వదిలిందీ నేనే." గాల్లో రాడ్డు పట్టుకున్నట్టు చేతులు పెట్టి ఎడమకి తిప్పి చూపించాడు. కొత్త వాల్వు సంగతి, ఎనిమిది చుట్ల సంగతి, తొమ్మిదోనాటి సంగతి వరసగా చెప్పేశాడు. "తెరుస్తున్నాననే అనుకున్నా. తెలిశాక నోరు రాలేదు."

దిగువ వీధి మామ్మ లేచింది.

"ఓరి నీ దుంపతెగ! ఎనిమిది రోజులు ఎగువ వీధినించి బిందెలు మోశానురా! నా నడుం అప్పుడు పట్టేసింది, ఇంకా వదల్లేదు!"

"మామ్మా, కేకలెయ్యకూడదు. రూలు," అంది నర్సమ్మ.

"ఇది కేక కాదే తల్లీ, నొప్పి!"

గది గొల్లున నవ్వింది. "అంటే మనం వాల్వుకి ఓటేశామన్నమాట!" అని వెనకనించి ఒకడు అరిచాడు. సిమెంటు కొట్టాయన ముఖం ఎర్రబడింది. కాసేపటికి ఆయనే తేరుకుని, "నీళ్ళు నేను తెచ్చానని మీరనుకున్నారు. నేను కాదన్లేదు. అదీ నా తప్పు. నామీదా కేకలెయ్యకండి," అన్నాడు. దానికి కూడా నవ్వారు, కాస్త మంచిగానే.

టీచరమ్మ కళ్ళద్దాలు తీసి పైటకొంగుతో తుడుచుకుంది. "ఇరవై ఆరు," అంది. "ఈ లెక్క ఎక్కడ తప్పిందో ఐదేళ్ళుగా వెతుకుతున్నాను బాబాయ్. సభలే తప్పనుకున్నాను."

చక్రం బాబాయ్ ఆవిడ వైపు చూడలేదు. పక్క గోడకానుకుని నిలబడ్డ నీళ్ళ ఇంజినీరు వైపు చూశాడు. ఉద్యోగం ఆయన చేతిలో ఉంది.

ఇంజినీరు గొంతు సవరించుకున్నాడు. "ఏ వైపు తిరుగుతుందో చెప్పకుండా బిగించిపోయింది మా ఫిట్టరు. నీకు చెప్పాల్సింది మేము. ఇహ నిన్ను తీసేస్తే రేప్పొద్దున నీళ్ళు ఎవరు వదుల్తారయ్యా? ఏ వాల్వుకి ఎన్ని చుట్లో నాకే తెలీదు. ముందు అవన్నీ రాయించు."

చక్రం బాబాయ్ అక్కడున్న బెంచీ మీద కూలబడ్డాడు. అది రెండో తరగతి పిల్లల బెంచీ. లేవడానికి ఇద్దరు చెయ్యివ్వాల్సి వచ్చింది.

ఆ సాయంత్రమే సిమెంటు కొట్టాయన మనిషి ఎర్రరంగు డబ్బాతో బయల్దేరి ప్రతి మూత మీదా తెరిచే వైపుకి బాణం గుర్తు వేశాడు. అతని వెనకాలే టీచరమ్మ తరఫువాళ్ళు నీలం రంగుతో వచ్చారు. చక్రం బాబాయ్ వాళ్ళ వెంట తిరిగి చుట్లు చెప్పాడు. ట్యాంకు గదిలో పెద్ద చక్రం పక్కన గోడమీద కూడా రాశారు. అన్నిచోట్లా రెండేసి బాణాలు పడ్డాయి, రెండూ ఒకవైపే చూస్తున్నాయి.

మర్నాడు ఆరూ పది అయింది. మామ్మ వచ్చి తలుపు బాదింది.

"ఏమయ్యా, నీళ్ళేవీ? ఇవాళ ఎటు తిప్పావు?"

భార్య తలుపు ఓరగా తీసింది. "నెమ్మది మామ్మా. పడుకున్నాడు. ఐదేళ్ళ నిద్ర. పావుగంట ఆగవూ?"

"ఐదేళ్ళ నిద్ర పావుగంటలో తీరుతుందా? ట్యాంకు గది తాళం ఇటియ్యి. గోడమీద రాసుందిగా."

కాసేపటికి పెరట్లో కుళాయి దగ్గింది, బిందెలో ధార పడింది. నిద్రలోనే చక్రం బాబాయ్ చెవి ఆ చప్పుడు పట్టుకుంది. రెండు చుట్లు ఎక్కువ తిప్పింది మామ్మ, అనుకున్నాడు. అటు తిరిగి పడుకున్నాడు.