రెండు వేళ్ల సందు

మొన్న సూర్యాపేట కూరగాయల మార్కెట్ దగ్గర నడుస్తుంటే, పక్కనుంచి పోయిన స్కూటీ కింద మురికికాలువ మీద కప్పిన బండ ఒకటి టక్కుమని కదిలింది. బెండకాయలమ్మే ఆవిడ తల కూడా ఎత్తలేదు. ఆమెకు రోజూ వినే చప్పుడే. నాకు మాత్రం భిక్షపతి సారు గుర్తొచ్చి, కూరలు తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను.

భిక్షపతి సారు మిర్యాలగూడ మునిసిపాలిటీలో డిప్యూటీ ఇంజనీరు, నా మొదటి పై అధికారి. పట్టణంలో రోడ్లు, కాలువలు మా పని. జీపు ఉన్నా ఆయన ఆఫీసుకు సైకిలు మీదే వచ్చేవారు. "డీఈ సారు గంట కొట్టుకుంట వస్తుండు, ఫైళ్లు తెరువుండ్రి" అని అటెండరు అందరినీ నవ్వించేవాడు. ఆ మాట విని సారూ నవ్వేవారు. ఆయన పట్టుదల ఒక్కటే. పొద్దున్నే వేములపల్లి వైపు నుంచి పాలక్యాన్లు కట్టుకొని వచ్చేవాళ్లు, బడికి పోయే ఆడపిల్లలు, మిల్లు కూలీలు లారీల పక్కన ప్రాణాలు బిగబట్టుకొని సైకిలు తొక్కకూడదు. వాళ్లకు వేరే దారి ఉండాలి, దాని మీద నీడ ఉండాలి, మలుపులో లారీ డ్రైవరుకు సైకిలు ముందే కనబడాలి. "జనం సైకిలు ఇడిసిపెట్టేది కాళ్లు నొచ్చి గాదయ్యా, భయమై" అనేవారు.

నేను గీసిన మొదటి సైకిలు దారి పూర్తయిన రోజు, ఆయన తన సైకిలుకు వెనక ఒక పాలక్యాను కట్టి, నిండా నీళ్లు పోయించి, మూత తీసేసి నాకిచ్చారు.

"తొక్కు."

"కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి సార్."

"టేపు కింద పడదయ్యా, మనిషి పడతడు. ఒట్టి సైకిలు యాడన్న పోతది. బరువుతోని తొక్కి సూడు, ఇంజినీరు సాబ్."

ప్యాంటు తడుపుకొని తిరిగొచ్చాను. "ఎన్ని నీళ్లు తొణికినయ్?" అని అడిగారు. సగం అన్నాను. "యాడ?" మలుపు దగ్గర, తూము మూత దగ్గర అని చెప్పాను. "గాడ పలగ్గొట్టి మల్ల ఎయ్యి." ఆ దారిని రెండుసార్లు తిరిగి వేయించారు. క్యాను కట్టి తొక్కనిదే ఆయన ఏ దారికీ సంతకం పెట్టలేదు.

ఆయన రిటైరయ్యాక నాకు కోదాడ బదిలీ అయింది. అక్కడ కాలేజీ పక్కన సైకిలు దారి వేయాలి. ఆరడుగులు కావాలి, నాలుగే దొరికాయి. దుకాణాల వాళ్లతో తగువు పెట్టుకోలేక, కాలువ మీది బండలను కూడా దారిలోనే కలిపేశాను. "ఆరడుగులు వచ్చేశాయండి, కావాలంటే టేపు మీరే పట్టండి" అన్నాడు కాంట్రాక్టరు. పట్టాను. ఆరడుగులే. కానీ ఆ నాలుగడుగుల దారికీ బండలకూ మధ్య, దారి పొడుగునా రెండు వేళ్లు దూరేంత సందు ఉంది. దాన్ని చూశాను. మట్టి పడి అదే పూడుతుందనుకున్నాను. సైకిలు తెప్పించి తొక్కవచ్చు. ఎదురుగా టీ కొట్టు నిండా జనం. ఇంజనీరు పాలక్యాను కట్టుకొని తొక్కుతుంటే నవ్వుతారనిపించింది. సంతకం పెట్టేశాను.

పైగా సారుకు ఫోను చేసి గొప్పగా చెప్పాను. ఆయన బస్సు మీద సైకిలు వేసుకొని వచ్చారు. ఆయన ఆ దారి మీద తొక్కుకుంటూ వస్తుంటే నేను చివర నిలబడి ఉన్నాను. ఆటో ఒకటి దగ్గరగా వస్తే ఆయన పక్కకు జరిగారు. ముందు చక్రం సందులో ఇరుక్కుంది. ఆయన మోచేయి విరిగింది.

దవాఖానలో కట్టు కట్టాక అడిగారు.

"నువ్వు తొక్కి సూసినవా?"

"చూశాను సార్. క్యాను కట్టుకొనే."

"ఎన్ని నీళ్లు తొణికినయ్?"

"తొణకలేదు సార్."

ఆయన కట్టు వంక చూసుకున్నారు. "అట్లయితె దారి మంచిదే. నాకే కండ్లు కనబడ్తలేవు."

ఆ వారంలోనే ఎవరికీ చెప్పకుండా సందును సిమెంటుతో పూడ్పించాను. చేయి అతుక్కున్నా సారు మళ్లీ సైకిలు ఎక్కలేదు. చూడటానికి వెళ్తే ఆయన భార్య లక్ష్మమ్మ గారు నాతో వాపోయారు. "కండ్ల డాక్టరు సూపు మంచిగున్నదన్నడు బిడ్డా, ఈయన వింటలేడు. నువ్వు తొక్కి సూసినవట, నువ్వు అబద్ధమాడవట." సారు పక్క కుర్చీలోనే ఉన్నారు. చెప్పడానికి నోరు తెరిచి, మంచినీళ్లు అడిగాను. చెబుదామనే ఇంకా రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ టీ తాగి వచ్చేశాను. ఆ తరువాత ఆయన పోయిన కబురే వచ్చింది. యాభై ఏళ్లు సైకిలు తొక్కిన మనిషి, తన చూపును తానే నమ్మకుండా పోయాడు. ఆయన కళ్లలో లోపం లేదు. లోపం నా దారిలోనే ఉందని నాకొక్కడికే తెలుసు.

ఇప్పుడు సూర్యాపేటలో నా కింద ఇద్దరు కొత్త ఇంజనీర్లున్నారు. దారి తొక్కి చూడందే కాగితం నా దగ్గరికి తేవద్దంటాను. "మీరు అన్నీ తొక్కినరా సార్?" అని ఒకడు నవ్వుతూ అడిగాడు. "ఒక్కటి తప్ప" అన్నాను. అదేదని వాడు అడగలేదు. అడిగితే చెప్పేవాడినో లేదో నాకు తెలియదు.