మాట ఉంటేనే మోగే ఫోను

మా పెదనాన్న భుజాన కండువా సర్దుకోకుండా ఫోను ఎత్తేవారు కాదు. బందరులోని మా ఇంటి ముందు హాలు రొయ్యల కంపెనీకి అద్దెకిచ్చాక, వాళ్ల కంప్యూటరూ మా ఫోనూ ఒకే లైను మీద ఉండేవి. కంప్యూటరుకు కాలొచ్చినా మా ఫోనే మోగేది; ఎత్తితే కీచుమనే కూతే వినిపించేది. అయినా ఆయన "చెప్పరా తమ్ముడూ" అని, కాసేపు ఆగి పెట్టేసేవారు.

పొలం పంపకాల్లో అలిగి గుడివాడ వెళ్లిపోయిన మా బాబాయి కోసం ఆ ఎదురుచూపు.

"మీరే చెయ్యొచ్చుగా, పెదనాన్నా?"

"పెద్దవాణ్ణి, నేను చెయ్యడమేంట్రా? వాడు చేస్తూనే ఉంటాడు. ఈ కూత అడ్డమొస్తోంది."

కంపెనీవాళ్లు డిజిటల్ లైను వేయించుకున్నారు. బిగించినతను మాకు చెప్పాడు: "డేటా కాలైతే తిన్నగా కంప్యూటరుకే పోద్దండీ. మనిషి మాట్లాడే కాలొస్తేనే మీ ఫోను మోగుద్ది."

"హమ్మయ్య! ఇక వాడికి లైను దొరుకుద్ది" అని పెదనాన్న కుర్చీ ఫోను పక్కకు వేయించుకున్నారు.

ఆ వేసవంతా ఫోను మోగలేదు. వానలు మొదలయ్యాక ఒకరోజు ఆయన నన్ను పిలిచి, గోడవైపు చూస్తూ, "ఒరేయ్, ఆ పాత లైనే నయంరా. మళ్లీ వేయిస్తారేమో కనుక్కో" అన్నారు.

నేను కనుక్కోలేదు. అద్దెకున్నవాళ్లను ఒకటి అడగడం మా ఇంటా వంటా లేదు.