మద్దూరు బస్సు కింది అట్ట

నా పదవీ విరమణకు ఇంకా మూడేళ్లు ఉన్నాయనగా, ఒక జనవరిలో జరిగిన సంగతి ఇది. అప్పటికి నేను సిద్దిపేట శివార్లలోని ఒక ప్రైవేటు కాలేజీ బస్సుల షెడ్డులో ఫోర్‌మన్‌గా ఉన్నాను. నా పైన ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసర్, నా కింద ఇద్దరు మెకానిక్కులు, ఒక ఎలక్ట్రీషియన్. మరమ్మతుకు వచ్చిన బండి మళ్లీ రోడ్డెక్కాలంటే జాబ్ కార్డు మీద నా సంతకం పడాలి. ఆ సంతకమంటే నాకు చాలా గర్వం. ఇప్పటికీ కొంత ఉంది, దాచుకోవడం ఎందుకు?

ఆ చలికాలం మద్దూరు రూటు బస్సు డీజిల్ ఎక్కువ తాగుతోందనీ, పొద్దున చాలాసేపు తెల్లపొగ వదులుతోందనీ తెలిసింది. కారణం కోసం వెతకాల్సిన పని లేదు. దాని థర్మోస్టాట్‌ను నాలుగేళ్ల కింద నేనే తీసేశాను. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు మూసుకుని ఉండి, తగినంత వేడెక్కాక తెరుచుకుని, ఇంజిన్‌ను చల్లబరిచే పచ్చటి ద్రవాన్ని, అంటే కూలెంట్‌ను, రేడియేటర్‌లోకి వదిలే చిన్న పరికరం అది. ఎండాకాలంలో బండి వేడెక్కుతోందంటే ముందు దాన్ని పీకెయ్యడం మా తరం మెకానిక్కుల అలవాటు. దాని జాగాలో సందు మూయడానికి చేత్తో కత్తిరించిన గ్యాస్కెట్ పెట్టి, లీకు ఆపే పేస్టు దట్టంగా పూసి మూత బిగించేవాళ్లం. వేడి తగ్గేది, అందరూ మెచ్చుకునేవారు. ఇంజిన్ ఎన్నడూ సరైన వేడికి రాక లోపల అరిగిపోతున్న సంగతి మాత్రం పైకి కనిపించేది కాదు.

ఆ తప్పు దిద్దుదామని కొత్త థర్మోస్టాట్ తెప్పించి నా చేత్తోనే వేశాను. అది కూర్చునే గాడిని పైపైన గీకాను. గ్యాస్కెట్‌కు రెండు వైపులా పేస్టు పూసి, అల్యూమినియం మూత రెండు బోల్టులూ బిగించాను. గంటలోపు పని. పొగ పోయింది, డీజిల్ ఖర్చు తగ్గింది. ఆఫీసర్ గారి ముందు కాస్త ఛాతీ విరుచుకునే నిలబడ్డాను.

నాలుగో రోజు ఆ బస్సు డ్రైవర్ కనకయ్య నా దగ్గరికి వచ్చాడు. అతనిది మద్దూరే. రూటు ఆ ఊళ్లోనే మొదలవుతుంది కాబట్టి రాత్రిపూట బస్సు అతని ఇంటి ముందే ఉండేది. పొద్దున్నే పిల్లలను ఎక్కించుకుని చేర్యాల మీదుగా సిద్దిపేట చేరేది. తెల్లవారి లేచి చూస్తే ఇంజిన్ కింద తడి కనిపిస్తోందని చెప్పాడు. రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ సీసాలో మాత్రం కూలెంట్ గీత దాకా ఉంటోందట. సీసా నిండుగా ఉంటే కారేదేమిటయ్యా, మంచు కురిసి ఉంటుంది పో అన్నాను. మెకానిక్కులు నవ్వారు. కనకయ్య నవ్వలేదు.

అయినా పద్ధతి తప్పకూడదని పరీక్ష చేశాను. ఇంజిన్ చల్లారడానికని గంటన్నర ఆగి రేడియేటర్ మూత తీస్తే మట్టం కొంచెం తగ్గి ఉంది. కొత్తగా నింపిన బండిలో గాలి బుడగలు బయటికి వచ్చి మట్టం తగ్గడం మామూలే. నింపి, ప్రెషర్ టెస్టర్ తగిలించాను. బయటినుంచి గాలి కొట్టి, లోపలి ఒత్తిడి నిలుస్తుందా లేదా చూసే సాధనం అది. పావుగంట చూసినా ముల్లు కదలలేదు. దేనికైనా మంచిదని థర్మోస్టాట్ మూత బోల్టులను ఇంకో పావు చుట్టు బిగించి, జాబ్ కార్డులో ‘డ్రైవర్ ఫిర్యాదు’ అన్న గడిలో ‘లీకు కనబడలేదు’ అని రాసి సంతకం పెట్టాను. ఫిర్యాదు రాయాల్సిన గడిలో నా తీర్పు రాశానన్న ఆలోచన అప్పుడు రాలేదు.

తరువాతి సోమవారం ఆ బస్సు చేర్యాల దాటాక ఆగిపోయింది. వేడి ముల్లు ఎర్ర గీతకు చేరిందని కనకయ్య వెంటనే పక్కకు ఆపాడు. ఆ రోజు పిల్లలకు ప్రాక్టికల్స్. వేరే బండి పంపి తెచ్చేసరికి గంట ఆలస్యమైంది. తల్లిదండ్రులు ప్రిన్సిపాల్‌కు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఆఫీసర్ గారు నన్ను పిలిచి బండి ఫిట్టా కాదా అని ఒక్కటే ప్రశ్న అడిగారు. ఫిట్టే అన్నాను. అలాగైతే డ్రైవర్ కూలెంట్ చూడకుండా తీశాడన్నమాట అని ఆయన తేల్చేశారు. కనకయ్యను పనిలోంచి తీసేసే కాగితం టైపై సిద్ధంగా ఉంది. దానికి జతచేయడానికి నా నివేదిక కావాలి. ‘డ్రైవర్ నిర్లక్ష్యం’ అని ఒక్క ముక్క చాలు. యాభై రెండేళ్ల డ్రైవర్‌ను ఆ మాటతో తీసేస్తే ఇంకో కాలేజీ తీసుకోదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

షెడ్డుకు వచ్చి కాగితం ముందు పెట్టుకున్నాను. అంతలో కనకయ్య చంకలో నాలుగు అట్టలతో వచ్చాడు. కిరాణా దుకాణంలో అడిగి తెచ్చుకున్న సబ్బుల డబ్బాల అట్టలు. రోజూ సాయంత్రం బస్సు నిలిపాక ఇంజిన్ కింద పరిచి, తెల్లారి బండి స్టార్ట్ చేసే ముందు తీశాడట. ఒక్కో అట్ట మీద తేదీ వేసి, ముందు చక్రం ఎటు ఉందో బాణం గీశాడు. మొదటి దాని మీద రూపాయి బిళ్లంత మరకలు, చివరి దాని మీద అరచేయంత. అన్నీ ఆకుపచ్చవే, అన్నీ థర్మోస్టాట్ మూతకు సరిగ్గా కిందనే.

“మంచు అన్నరు గద సార్. మంచు పచ్చగ ఉంటదా?” అన్నాడు. నేను అట్టలు తిరగేస్తుండగా మళ్లీ అన్నాడు. “మీ దగ్గరికొచ్చేటాళ్లకు బండి కాగి ఉంటది. సల్లగున్నప్పుడు చూసేది నేనొక్కన్నే.”

ముందు రోషం వచ్చింది. ఆ వెనకే సిగ్గేసింది. ముప్పై ఏళ్ల అనుభవమున్న నాకు తట్టవలసిన మాట అతను చెప్పాడు. చలికి అల్యూమినియం ముడుచుకుంటుంది, సందు తెరుచుకుంటుంది. వేడికి వ్యాకోచించి మూసుకుంటుంది. మా రేకుల షెడ్డు కింద పట్టపగలు ఇంజిన్ పూర్తిగా ఎక్కడ చల్లారుతుంది? సీసా సంగతీ అంతే. ఇంజిన్ చల్లారేటప్పుడు సీసాలోని కూలెంట్‌ను వెనక్కి పీల్చుకోవాలి. సందు ఉంటే దానికి బదులు గాలిని పీల్చుకుంటుంది. రేడియేటర్ ఖాళీ అవుతున్నా సీసా గీత దగ్గరే ఉంటుంది. రేడియేటర్ మూత ముట్టవద్దు, సీసా చూస్తే చాలని డ్రైవర్లకు నేర్పింది నేనే.

నివేదిక రాయలేదు. ఆఫీసర్ గారిని రెండు రోజుల గడువు అడిగి, లాగించి తెచ్చిన బస్సులో కూలెంట్ నింపి షెడ్డులోనే ఉంచాను. మర్నాడు తెల్లవారుతుండగా, కనకయ్యను పక్కన నిలబెట్టుకుని, చల్లటి ఇంజిన్‌కు టెస్టర్ పెట్టాను. ముల్లు కళ్ల ముందే దిగిపోయింది. మూత కింది మూల నుంచి పచ్చటి చుక్క జారింది.

విప్పి స్టీలు స్కేలు ఆనించి చూస్తే మూతకు బోల్టు దూరే చెవి ఒకటి వంగి ఉంది. నేను బిగించిన ఆ పావు చుట్టు పుణ్యమే. గాడి అడుగున నల్లగా గట్టిపడిన పాత పేస్టు ఉంది. నాలుగేళ్ల కింద నేను పూసిందే. దాని మీద కూర్చున్న థర్మోస్టాట్ అంచు కాగితం మందాన పైకి లేచింది. ఇంకొకరిని అనడానికి చిన్న సాకు కూడా దొరకలేదు.

వెదురు చెక్క చెక్కుకుని, గీత పడకుండా గాడిని లోహం మెరిసేదాకా శుభ్రం చేశాను. వంగిన మూతను పక్కన పడేసి కొత్తది వేశాను. ఈసారి పేస్టు లేదు, థర్మోస్టాట్‌తో వచ్చిన రబ్బరు రింగు మాత్రమే. బోల్టులు ముందు చేత్తో తిప్పి, తరువాత బిగువు కొలిచే టార్క్ రెంచితో మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించి, తయారీదారు చెప్పిన అంకె దగ్గర ఆపాను. బండి ముందు భాగం ఎత్తున నిలిపి, గాలి పోయేలా నెమ్మదిగా కూలెంట్ పోశాను. మరుసటి తెల్లవారి మళ్లీ పరీక్ష చేస్తే ముల్లు పెట్టిన చోటే ఉంది.

కాగితం పట్టుకుని ఆఫీసర్ గారి గదికి వెళ్లాను. “సార్, తప్పు డ్రైవర్‌ది కాదు. బిగించింది నేను, లీకు లేదన్నది నేను” అన్నాను. ఇది రాతలో పెట్టాలా అని ఆయన అడిగారు. రాసే తెచ్చానన్నాను. కనకయ్య కాగితం సొరుగులోకి పోయింది, మళ్లీ బయటికి రాలేదు. నాకు మాత్రం మెమో వచ్చింది, సర్వీసులో మొదటిసారి. అందినట్టు సంతకం పెట్టాను.

కనకయ్యకు చెబితే, బండి ఆ పూటే తీసుకుపోవాలా అని మాత్రం అడిగాడు. సాయంత్రం నా ఎదుటే ఒక కొత్త అట్ట సీటు వెనక పెట్టుకుని వెళ్లాడు. మర్నాడు పొద్దున ఆ అట్ట నా బల్ల మీద ఉంది. తేదీ ఉంది, బాణం ఉంది, మరక లేదు.

లీకు ఏ స్థితిలో కనిపించిందని చెబుతున్నారో ఆ స్థితిలోనే పరీక్ష చేయాలి. అనుమానం తీరడానికి బోల్టు బిగించకూడదు, విప్పి చూడాలి. ఈ రెండూ ఏ మాన్యువల్‌లోనైనా ఉంటాయి. మూడోది నేను అక్కడ నేర్చుకున్నాను. మిగిలిన మూడేళ్లూ జాబ్ కార్డులో ‘డ్రైవర్ ఫిర్యాదు’ గడిని డ్రైవర్ చేతనే రాయించాను.