రెండు కాళ్లూ నేల వదిలిన సాయంత్రం

బాపట్లలో ఆడపిల్ల కరాటే నేర్చుకుంటుందంటే నా చిన్నప్పుడు వీధిలో వింతగా చెప్పుకునేవారు. మా పక్కింటి అక్క వ్యవసాయ కళాశాలలో చదువుతూ, సాయంత్రాలు బడి మైదానంలో మా ఆడపిల్లలకు నేర్పేది. పరుగెత్తుకొచ్చి, గాల్లోకి లేచి, ఎదుటివాళ్లు ఛాతీ ఎత్తున పట్టుకున్న ప్యాడ్‌ను తన్నడంలో ఆమెకు మంచి పేరుండేది.

తెనాలిలో ఓ ప్రదర్శనలో అలా ఎగరబోయి అక్క పడిపోయింది. ముందు వరసలో కూర్చున్న నాకు చెయ్యి విరిగిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత చాలా రోజులు అన్నం ముందు కూర్చున్నా అదే చప్పుడు.

వానాకాలం వెళ్లాక, కట్టు విప్పించుకుని అక్క మళ్లీ క్లాసులు మొదలుపెట్టింది. బెల్టు పరీక్షలో ఆ జంప్ కిక్ నేను కొట్టి చూపించాలి. పరుగైతే బాగానే తీసేదాన్ని. ప్యాడ్ దగ్గరకొచ్చేసరికి కాళ్లు వాటంతటవే ఆగిపోయేవి. పిల్లలు నవ్వేవాళ్లు. పరీక్ష పోతే మాన్పించేస్తానని అమ్మ ముందే చెప్పింది. లోపల నాకూ మానెయ్యాలనే ఉండేది, ఆ మాట అక్కతో అనడానికీ భయమే.

ఒకరోజు అందరూ వెళ్లిపోయాక అక్క నన్ను ఉండమంది. తిట్టడానికేననుకున్నాను. ప్యాడ్ నా చేతికిచ్చి, "నువ్వు పట్టుకో, నేను కొడతా" అంది.

"వద్దక్కా, మళ్లీ పడతావు."

"పడతానేమో. ఇదిగో, చూడు" అంటూ నా వేళ్లు తన మణికట్టు మీద పెట్టించింది. నాడి దడదడా కొట్టుకుంటోంది. "కట్టు విప్పాక ఒక్కసారి కూడా ఎగరలేదే. ఒక్కదాన్నే ఉంటే నా వల్ల కావట్లేదు."

ఆ మాటతో నా భయం రెట్టింపైంది. పెద్దవాళ్లకు భయం ఉండదనే నమ్మకంతోనే నేను అన్నాళ్లూ ఆ మైదానానికి వెళ్లగలిగాను.

ఆమె పరుగెత్తుకొచ్చి, సరిగ్గా నాలాగే, ప్యాడ్ ముందు ఆగిపోయింది. వెనక్కి నడిచి మళ్లీ పరుగెత్తుకొచ్చింది. కళ్లు మూసుకోవాలనిపించింది కానీ, ప్యాడ్ కదిలితే ఆమె పడుతుందని తెరిచే ఉంచాను. ఆమె ఎగిరి తన్నిన దెబ్బకు నేను వెనక్కి తూలాను. ఆమె మోకాలి మీద దిగి, విరిగిన చేతిని పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. చివరికి వేళ్లు ముడిచి, చాచి చూసుకుంది.

"భయం పోయిందా అక్కా?"

"లేదే. ఇంకా వణుకుతున్నా. ఇక నువ్వు రా."

వణుకుతూనే పరుగెత్తాను. అక్క పట్టుకున్న ప్యాడ్ అంచుకు పాదం తగిలిందో లేదో, వెల్లకిలా ఇసుకలో పడ్డాను. మోచెయ్యి గీసుకుపోయింది. ఆ ఏడు పరీక్ష తప్పాను కూడా. అయినా అమ్మను బతిమాలుకుని మళ్లీ చేరాను.

ఇప్పుడు అరవైకి దగ్గరపడుతున్నాను. మొన్న మోకాలి ఆపరేషనుకు తీసుకెళ్తుంటే నర్సమ్మ, "భయంగా ఉందా అమ్మా?" అని అడిగింది. "చాలా భయంగా ఉందండి" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపరేషన్ గది తలుపు దాకా నడిచింది. ధైర్యం వచ్చేదాకా ఆగడం నేను ఆ సాయంత్రమే మానేశాను. వణికే చేతిని దాచుకోకుండా పక్కవాళ్లకు అందించడం అక్క దగ్గర నేర్చుకున్నదే.