సముద్రపు రాళ్లు గీసిన కుడిచేయి

ఆ రోజు నొప్పి కంటే ముందు నాకు తెలిసింది, నా కుడిచేతిలోని రాయి జారి కింద పడడం. అవి 1969 తెలంగాణ ఉద్యమం రోజులు. నేను జనగామలో డ్రాయింగ్ మాస్టర్ని, ఇరవై ఆరేళ్లవాణ్ణి. మా ఊరేగింపు దారి మళ్లి, కోస్తా నుంచి వచ్చిన మా లెక్కల మాస్టారు సూర్యారావు గారి అద్దె ఇంటి ముందు ఆగింది. ఎవరో మొదటి రాయి వేశారు. నేనూ ఒకటి వేశాను. కిటికీ అద్దం పగిలింది, లోపల పిల్లలు కేకలు పెట్టారు. అయినా రెండో రాయి ఎత్తాను. అంతలో వెనకనుంచి వచ్చిన రాయి నా తలకు ఎడమవైపు తగిలింది. మావాళ్లలో ఎవరు వేశారో ఇప్పటికీ తెలియదు.

తలుపు తీసుకుని బయటికి వచ్చింది సూర్యారావు గారేనట. నా తలకు తువ్వాలు గట్టిగా చుట్టి, మరో ఇద్దరి సాయంతో లారీ ఎక్కించారట. వరంగల్ దవాఖానలో ఎక్స్‌రే తీశారు. "డిప్రెస్డ్ ఫ్రాక్చర్. ఎముక విరిగి లోపలికి దిగింది, మెదడును నొక్కుతున్నది" అని సర్జన్ నా భార్య లక్ష్మికి చెప్పాడు. ఆపరేషన్ తర్వాత మూడో రోజు కళ్లు తెరిచాను. కుడిచేయి కదలలేదు. మాట ముద్దగా వచ్చింది.

సూర్యారావు గారు ఒక్కసారే చూడటానికి వచ్చారు. నేను వేసిన రాయి సంగతి చెప్పబోయాను, నోరు తిరగలేదు.

"చెప్పకండి మాస్టారూ, కిటికీలోంచి చూశాను" అన్నారాయన. "మా పిల్లలు తలుపు చప్పుడైనా వణుకుతున్నారు. ఇంక ఇక్కడ ఉండలేం."

వెళ్తూ వెళ్తూ తమ ఊరి సముద్రపు ఒడ్డు ఫోటో ఒకటి మంచం మీద పెట్టారు. నల్లటి రాళ్లు, వాటిని బాదుతున్న అల. వాళ్లింటికి పోయినప్పుడల్లా నేను మెచ్చుకున్న ఫోటో అది.

ఇంటికి వచ్చిన నెలకు ఫిట్స్ మొదలయ్యాయి. మొదటిసారి అన్నం తింటుండగా వచ్చింది. నాలుక తెగి కంచమంతా రక్తం. మెదడుకు ఈఈజీ పరీక్ష తీసి మాత్రలు రాశారు. ఫిట్స్ తగ్గాయి, కోపం పెరిగింది. చెంబులు విసిరాను. అద్దం గుద్ది పగలగొట్టాను.

బ్రష్ పట్టలేకపోతే లావుగా ఉన్నదేదైనా పట్టుకొమ్మని ఫిజియోథెరపిస్ట్ అన్నాడు. పాస్టెల్ రంగు కడ్డీల పెట్టె తెప్పించుకుని ఆ ఫోటో ముందు కూర్చున్నాను. మొదట గరుకు కాగితమంతా మట్టిరంగు పూసి అరచేత్తో రుద్దాను. అది చేతకావడానికే వారం పట్టింది. తర్వాత బొగ్గుతో సముద్రం, ఆకాశం కలిసే గీత, రాళ్ల అంచులు. గీత వంకర పోయేది. పిడికిట్లో పాస్టెల్ ముక్కలయ్యేది. ఒకనాడు కాగితాన్ని పళ్లతో చింపేశాను.

రెండో కాగితం మీద రాళ్ల నీడల దాకా వచ్చాను. నలుపు వాడితే రాయి చచ్చిపోతుంది, అందుకే ముదురు నీలం మీద గోధుమరంగు పాస్టెల్‌ను పక్కకు పడుకోబెట్టి లాగాను. ఆ పొద్దు ఊడుస్తూ లక్ష్మి పెట్టె పక్కకు జరిపింది. లేచి కొట్టాను. ఎడమచేత్తో, చెంప మీద. ఆమె గోడకు తగిలింది, పెదవి చిట్లింది. ఏడవలేదు. చీపురు తీసుకుని మిగతా ఇల్లు ఊడ్చింది.

ఆ వారమే దవాఖానకు పోవాల్సి ఉంది. ఎట్లున్నవని డాక్టర్ అడిగితే అంతా మంచిగున్నదన్నాను. ఎప్పుడూ బయట కూర్చునే లక్ష్మి ఈసారి నా వెంట లోపలికి వచ్చింది.

"మంచిగ లేదు సారూ" అంది. "కొడుతున్నడు. దెబ్బ తగలకముందు గిట్ల లేకుండె. నేను పరేషాన్ అయితున్న. ఇంకోసారి చెయ్యి లేస్తే మా తల్లిగారింటికి పోత."

డాక్టర్ కలం కింద పెట్టాడు. మెదడు ముందుభాగం, ఫ్రంటల్ లోబ్ దెబ్బతింటే కోపం ఆగదని, ఈ ఫిట్స్ మాత్రతో కూడా కొందరికి పెరుగుతుందని చెప్పి మందు మార్చాడు. తర్వాత నావైపు తిరిగి, "జబ్బు నిజమే. కొట్టిన చెయ్యి కూడ నీదే. ఒళ్లు వేడెక్కంగనే బయటికి నడువు" అన్నాడు.

నడిచాను. ఒక్కోరోజు రైల్వే గేటు దాకా మూడుసార్లు నడిచాను. తిరిగి వచ్చి బొమ్మ ముందు కూర్చునేవాణ్ణి. రాళ్ల ముఖాలకు బూడిదరంగు, పైఅంచులకు పసుపు కలిసిన తెలుపు. నీళ్లకు అడ్డగీతలు. నురుగు అన్నిటికంటే చివర. తెల్ల పాస్టెల్‌ను రుద్దకుండా తాకించి వదిలేయాలి, రుద్దితే కింది రంగుతో కలిసి మురికైపోతుంది. అంత మెల్లగా తాకడం నా కుడిచేతికి వచ్చేసరికి రెండేళ్లు గడిచాయి. చూపిస్తే లక్ష్మి ఒకసారి చూసి పొయ్యి దగ్గరికి పోయింది. నన్ను క్షమించానని ఆమె ఎన్నడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

సూర్యారావు గారికి తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

ఇప్పుడు మహబూబాబాద్‌లో పనిచేస్తున్నాను. చివరి ఫిట్ వచ్చి ఆరేళ్లయింది. మాత్ర మాత్రం మానలేదు. చలికాలం వేళ్లు బిగుసుకుంటాయి. పిల్లలకు పాస్టెల్ పట్టడం నేర్పుతున్నాను.

తలకు దెబ్బ తగిలిన వాళ్లకు ఒక్కటే చెప్తాను. డాక్టర్ దగ్గరికి ఒంటరిగా పోకండి. ఇంట్లో మీతో బతికే మనిషిని గదిలోకి తీసుకుపొండి. ఆ మనిషి మాట్లాడుతున్నంతసేపూ మీరు నోరు మూసుకోండి.